తప్పుగా రాసినవాళ్లే సాక్షులు: స్పానిష్ ఎలా మారిందో ఎలా తెలుసుకుంటాం?

(ఒక సాయంత్రం చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ నుంచి రాసిపెట్టినది.)

అందరికీ నమస్కారం. వాన పడుతున్నా ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. వెనక వరసలో వాళ్లకు వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి.

నేను స్పానిష్ నేర్పుతాను. ప్రతి ఏడాదీ, కొత్త బ్యాచ్ మొదలైన రెండో వారంలోనో మూడో వారంలోనో, ఎవరో ఒకరు అడుగుతారు: "మేడమ్, ఈ హెచ్ పలకనే పలకరు కదా, మరి ఎందుకు రాస్తారు?" న్యాయమైన ప్రశ్న. కొడుకు అనే మాటని హెచ్‌తో మొదలుపెట్టి రాస్తారు, పలికేటప్పుడు 'ఇహో' అంటారు. పిండిని హెచ్‌తో రాస్తారు, 'అరీనా' అంటారు. చేయడం అనే క్రియ కూడా అంతే. రాతలో హెచ్ ఉంటుంది, నోట్లో ఉండదు.

పుస్తకంలో దీనికి జవాబు ఒక్క లైనులో ఉంటుంది. లాటిన్‌లో కొడుకు 'ఫిలియుమ్', పిండి 'ఫరీనా', చేయడం 'ఫాకెరె'. మాట మొదట్లో ఉన్న ఫ, స్పానిష్‌లో హ అయింది, తర్వాత ఆ హ కూడా పోయింది. అయిపోయింది. చాలా ఏళ్లు నేనూ అంతే చెప్పి ముందుకు వెళ్లిపోయాను. పిల్లలు నోట్సులో రాసుకునేవాళ్లు.

కానీ ఆ వాక్యాన్ని ఒక్కసారి మళ్లీ వినండి. "ఫ, హ అయింది." ఇందులో మనుషులు ఎక్కడున్నారు? ఫ అనే శబ్దం తనంతట తానే నడుచుకుంటూ వెళ్లి హ అయిపోతుందా? ఎవరో ఒకరు, ఏదో ఒక ఊళ్లో, ముందు అలా పలికి ఉండాలి. పక్కవాళ్లు విని ఉండాలి. కొందరు నవ్వి ఉండాలి. కొందరు అనుకరించి ఉండాలి. ఆ ఊరివాళ్లు ఇంకో ఊరికి వలస వెళ్లి ఉండాలి. ఎవరు వాళ్లు? ఎందుకు అనుకరించారు? ఈ ప్రశ్నలు అడిగేదే సామాజిక భాషాశాస్త్రం. ఐదు వందల ఏళ్ల కిందటి మనుషుల గురించి ఇవే ప్రశ్నలు అడగవచ్చా, అడిగితే జవాబు దొరుకుతుందా అన్నదే ఈ సాయంత్రం నా విషయం.

ఈ పద్ధతికి దారి వేసినవారు అమెరికా భాషాశాస్త్రవేత్త విలియం లబోవ్. 2024 డిసెంబరులో పోయారు. అమెరికాలో మార్తాస్ వినియార్డ్ అని ఒక చిన్న దీవి ఉంది. ఎండాకాలంలో పర్యాటకులు వచ్చి పడతారు. అక్కడివాళ్లు కొన్ని అచ్చుల్ని ఒక ప్రత్యేకమైన పద్ధతిలో పలుకుతున్నారు. లబోవ్ వాళ్లతో మాట్లాడి, రికార్డు చేసి, లెక్కపెట్టారు. ఆ దీవి మాది, మేం ఇక్కడే ఉంటాం అని బలంగా అనుకునేవాళ్లలో, ముఖ్యంగా చేపలు పట్టేవాళ్లలో, ఆ పలుకుబడి ఎక్కువ. ఊరు వదిలి వెళ్లిపోదామనుకునేవాళ్లలో తక్కువ. 1963లో ఈ వ్యాసం వచ్చింది. 1968లో వైన్‌రైక్, హెర్జోగ్‌లతో కలిసి ఆయన ఇంకో పెద్ద వ్యాసం రాశారు. దాని సారం ఏమిటంటే, భాష ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టు మీదికి దూకదు. పాత రూపం, కొత్త రూపం కొన్నాళ్లు పక్కపక్కనే ఉంటాయి. ఎవరు ఏది వాడుతున్నారన్న దాంట్లోనే మార్పు దాగి ఉంటుంది.

బాగుంది. కానీ బతికి ఉన్నవాళ్ల ముందు మైకు పెట్టగలం. 1550లో బతికినవాళ్ల ముందు ఎలా పెడతాం?

ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. మొదటిది, మనుషులు మనుషులే అన్న నమ్మకం. ఈ రోజు మాట ఏ కారణాలతో మారుతోందో, అంటే వయసు, స్నేహాలు, హోదా, వలస, ఆడామగా తేడా, ఇలాంటి కారణాలే అప్పుడూ పనిచేసి ఉండాలి. రెండోది లబోవ్ అన్న మాటే: చరిత్ర భాషాశాస్త్రం అంటే, చెడ్డ సమాచారాన్ని వీలైనంత బాగా వాడుకునే విద్య. ఎందుకు చెడ్డది? మిగిలిన కాగితాలు మనం ఎంచుకున్నవి కావు. కాలిపోగా, తడిసిపోగా, చెదలు తినగా మిగిలినవి. రాయడం వచ్చినవాళ్లు కొద్దిమంది. వాళ్లలో ఆడవాళ్లు మరీ తక్కువ. పైగా, రాసినవాళ్లు బాగా చదువుకున్నవాళ్లైతే తమ నోటి మాటని దాచిపెడతారు!

అవును, దాచిపెడతారు. మన దగ్గరిదే చూడండి. ర, ఱ. బండి ర. 'గుఱ్ఱము'లో ఉండేది. ఒకప్పుడు ఈ రెండూ వేరు వేరుగా పలికేవాళ్లు. ఇప్పుడు ఈ హాల్లో ఎంతమంది వేరుగా పలుకుతారు? ఎవరూ లేరు. మరి ఎప్పుడు కలిసిపోయాయి? నియమం తెలిసిన కవి ప్రాసలో ర, ఱ కలపకుండా జాగ్రత్తగా రాస్తాడు. ఆయన నోట్లో రెండూ ఒకటే అయిపోయినా సరే, చదువు ఆయన్ని కాపాడుతుంది. కాబట్టి ఆయన పద్యం నుంచి మనకు ఏమీ తెలియదు. ఏ శాసనం చెక్కినవాడో, ఏ లేఖకుడో ఒకదాని బదులు ఇంకొకటి రాస్తాడు చూడండి, అక్కడ తెలుస్తుంది. వాడి తప్పే మన సాక్ష్యం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ వస్తుంది.

ఇప్పుడు స్పెయిన్‌కి వెళదాం. హ సంగతి పక్కన పెట్టి, దానికంటే పెద్ద మార్పు ఒకటి చూద్దాం. కొంచెం ఓపిక పట్టాలి, కానీ తెలుగువాళ్లకు ఇది తేలిక. నిజంగా తేలిక. ఎందుకంటే మనకు దంత్య చ, దంత్య జ ఉన్నాయి. 'చలి' అనండి. 'చిలక' కాదు, 'చలి'. ఆ చ. 'జల్లెడ' అనండి. ఆ జ. పాత పుస్తకాల్లో పైన రెండంకె పెట్టి ౘ, ౙ అని అచ్చువేసేవాళ్లు. మధ్యయుగాల స్పానిష్‌లో సరిగ్గా ఈ రెండు శబ్దాలూ ఉన్నాయి. తోక ఉన్న సి అక్షరం మన ౘ. జెడ్ అక్షరం మన ౙ. ఇవి కాక స, దానికి జోడీగా గొంతు కంపించే ఇంకో స, అంటే ఇంగ్లీషు 'జూ'లో వినిపించే శబ్దం. ఆపైన ష, దానికీ అలాంటి జోడీ ఇంకొకటి. మొత్తం మూడు జంటలు. ప్రతి జంటలోనూ ఒకటి పరుషం లాంటిది, ఒకటి సరళం లాంటిది. మన వ్యాకరణంలో క, గ అంటామే, అలా.

ఇవాళ స్పెయిన్‌లో ఆ సరళాలు ఒక్కటి కూడా లేవు. మూడు జంటలు మూడు శబ్దాలైపోయాయి. దక్షిణ స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో, మొత్తం లాటిన్ అమెరికాలో రెండే మిగిలాయి. ఇది ఎలా జరిగింది?

నాకు చాలా ఇష్టమైన ఒక సాక్షి ఉన్నాడు. ఫ్రాయ్ హువాన్ దె కోర్దోవా. డొమినికన్ సన్యాసి. స్పెయిన్‌లో పుట్టి, మెక్సికో వెళ్లి, అక్కడి సపోతెక్ జనం భాషకి వ్యాకరణం రాశాడు. 1578లో అచ్చయింది. సపోతెక్ ఊరూరికీ పలుకుబడి మారుతుంది. అందులో వింత ఏమీ లేదు, మన స్పెయిన్‌లోనూ అంతే కదా అని చెప్పడానికి ఉదాహరణలు ఇచ్చాడు. పాత కాస్టీల్‌వాళ్లు 'అౘేర్' అంటారు, స్పెయిన్ నడిమధ్యనున్న టొలేడో నగరంలో 'హౙేర్' అంటారు అని. చేయడం అనే క్రియే! ఒక్క మాటలో రెండు మార్పులూ ఉన్నాయి. ఉత్తరాన ఉన్న పాత కాస్టీల్‌లో హ పోయింది, ౙ వెళ్లి ౘ అయింది. టొలేడోలో రెండూ నిలబడి ఉన్నాయి. (అప్పటికే ఈ శబ్దాలు మెత్తబడి స వైపు జరుగుతున్నాయి, ఆ సూక్ష్మంలోకి ఇప్పుడు వద్దు.) స్పెయిన్ గురించి ఇంత మంచి సాక్ష్యం మెక్సికోలో అచ్చయిన సపోతెక్ వ్యాకరణంలో దొరకడం ఎంత అదృష్టమో చూడండి.

ఇంకో సాక్షి ఉంది. పాత కాస్టీల్‌లోని ఆవిలా ఊరి తెరేసా. 1515లో పుట్టి 1582లో పోయిన సన్యాసిని, గొప్ప రచయిత్రి. ఆమె తన చేత్తో రాసిన ప్రతులు ఉన్నాయి. ఆమెకు లాటిన్ చదువు లేదు. విన్నట్టే రాసింది. ఆ 'చేయడం' క్రియనే ఆమె హెచ్ లేకుండా, తోక ఉన్న సి పెట్టి రాసింది. అచ్చంగా 'అౘేర్'. 'చెప్పడం' అనే క్రియకి కూడా పద్ధతి ప్రకారం జెడ్ రావాల్సిన చోట ఆ తోక సి నే రాసింది. కోర్దోవా పాత కాస్టీల్‌వాళ్ల గురించి ఏం చెప్పాడో, ఆవిలా అమ్మాయి కాగితం మీద అదే కనిపిస్తోంది. ఒకరినొకరు ఎరగని ఇద్దరు సాక్షులు, ఒకే మాట!

ఇక్కడ నన్ను బాగా ఆలోచింపజేసిన సంగతి ఒకటి. తెరేసా తాత టొలేడో వ్యాపారి. కుటుంబం అక్కణ్ణుంచి ఆవిలాకు వలస వచ్చింది. అంటే ఇంట్లో పెద్దవాళ్ల నోట టొలేడో పలుకు వినిపించి ఉండే అవకాశం ఉంది. కానీ మనవరాలు రాసింది ఆవిలా పలుకు. మీ ఇళ్లల్లో చూడలేదా? అమ్మానాన్నలది ఒక జిల్లా, కాపురం ఇంకో చోట. పిల్లలు ఎవరిలా మాట్లాడతారు? బడిలో, వీధిలో తోటి పిల్లల్లా మాట్లాడతారు. ఇవాళ టేపు రికార్డర్లతో తేలిన విషయం కూడా ఇదే.

అయితే అసలు చిక్కు ఇప్పుడు వస్తుంది. ఆ కాలంలో గౌరవం ఎవరిది? టొలేడోది. రాజుగారి ఆస్థానం తరచు ఉండే ఊరు, పాత రాజధాని, చదువుకున్న ఊరు. 1535 ప్రాంతంలో హువాన్ దె వాల్దేస్ భాష గురించి ఒక సంభాషణ రాశాడు. 1492లో స్పానిష్‌కి మొదటి వ్యాకరణం రాసిన నెబ్రిహా మీదే అందులో విసుర్లు ఉన్నాయి. ఏమని? ఆయన దక్షిణాది సీమ అండలూసియావాడు, కాస్టీల్‌వాడు కాదు అని! అంత పెద్ద పండితుడికే ఆ మాట తప్పలేదు. అలాంటి పట్టింపు ఉన్న రోజుల్లో, ఉత్తరాది పల్లెపలుకు గెలిచింది. హ పోయింది, సరళాలు పోయాయి. టొలేడో ఓడిపోయింది. ఎలా?

1561లో రెండో ఫెలిపె రాజు తన ఆస్థానాన్ని మాడ్రిడ్‌కి మార్చాడు. అప్పటికి మాడ్రిడ్ ఓ మోస్తరు ఊరు. అరవై డెబ్బయి ఏళ్లలో జనాభా లక్ష దాటింది. ఆ జనం ఎక్కణ్ణుంచి వచ్చారు? ఎక్కువగా ఉత్తరం నుంచి, పాత కాస్టీల్ నుంచి. వేరువేరు పలుకుబడులవాళ్లు ఒక్కసారిగా ఒకచోట చేరితే ఏమవుతుందో ఈ రంగంలో బాగా పరిశీలించారు. తేడాలు ఎక్కువ ఉన్న పద్ధతి కరిగిపోతుంది, తేడాలు తక్కువ ఉన్నది నిలబడుతుంది. ఆరు శబ్దాలు నేర్చుకోవడం కష్టం, మూడింటితో సరిపెట్టుకోవడం తేలిక. ఇంగ్లండ్‌లో రాల్ఫ్ పెన్నీ ఈ కోణంలో స్పానిష్ చరిత్రని కొత్తగా చెప్పారు. అమెరికాలో డొనాల్డ్ ట్యూటెన్ ఇంకా వెనక్కి వెళ్లి, 1085లో టొలేడో, 1248లో సెవిల్ క్రైస్తవ రాజుల చేతికి వచ్చాక కొత్త కాపురాలు పెట్టినవాళ్ల మధ్య ఇలాంటి కలగలుపే జరిగిందని 2003లో పుస్తకం రాశారు.

"మరి బాస్క్ సంగతి ఏమిటి?" అని ముందు వరసలో మాష్టారు అడగబోతున్నారు, ముఖం చూస్తే తెలుస్తోంది. ఉత్తర స్పెయిన్‌లోని బాస్క్ భాష ప్రభావం వల్లే ఫ పోయిందని స్పానిష్ పండితుడు మెనెందెస్ పిదాల్ 1926లో వచ్చిన తన పెద్ద గ్రంథంలో వాదించారు. కాస్టీల్ పుట్టింది బాస్క్ సీమ అంచునే, ఆ భాషలో మొదట్లో ఫ లేదు. కొట్టిపారేయదగిన వాదన కాదు. కానీ మార్పు పుట్టడం వేరు, పాకడం వేరు. బాస్క్ పక్కన ఎందుకు పుట్టిందో చెప్పవచ్చు. బాస్క్ ముక్క రాని టొలేడో మనవళ్లు దాన్ని ఎందుకు ఎత్తుకున్నారో దాంతో చెప్పలేం. దానికి మాడ్రిడ్ వీధుల్లోకి రావాలి.

ష సంగతి ఒక్క నిమిషం. 'మెక్సికో' అని ఎక్స్‌తో ఎందుకు రాస్తారు? స్పానిష్‌వాళ్లు వెళ్లినప్పుడు ఆ ఊరి జనం పేరులో ష వినిపించింది. అప్పటి స్పానిష్‌లో ఎక్స్ అంటే ష. రాసేశారు. తర్వాత స్పెయిన్‌లో ఆ ష గొంతులోకి జారి హ లాంటిదైంది, కాబట్టి ఇవాళ 'మెహికో' అంటారు. 1605లో వచ్చిన 'డాన్ కిహోతె' నవల పేరు కూడా అంతే. ఫ్రెంచివాళ్లు ఆ పేరుని ఇవాళ్టికీ 'కిషోత్' అంటారు. అంటే వాళ్లు విన్నది ష. ఇంకా బలమైన సాక్ష్యం యూదులది. 1492లో స్పెయిన్ నుంచి వెళ్లగొడితే ఇస్తాంబుల్‌కి, థెసలోనికికి వెళ్లి, ఇళ్లల్లో స్పానిష్ మాట్లాడుకుంటూనే ఉన్నారు. మాడ్రిడ్‌లో ఏ గాలి వీచినా వాళ్లకు తగల్లేదు. వాళ్ల నోట ఆ ష ఉంది, ఆ సరళాలు ఉన్నాయి. గడప దాటించి తరిమేసినా, వాళ్లు ఆ పలుకుని వందల ఏళ్లు దాచుకున్నారు. ఇది చెప్పేటప్పుడు నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

సెవిల్ ఉత్తరాలు

ఇప్పుడు దక్షిణానికి. అండలూసియాలోని సెవిల్. 1503 నుంచి అమెరికా వ్యాపారం, ప్రయాణాలు అన్నీ అక్కడి ఒక ప్రభుత్వ కార్యాలయం చేతుల్లో ఉండేవి. ఎవరు ఓడ ఎక్కాలన్నా సెవిల్ రావాలి, నెలల తరబడి వేచి ఉండాలి. ఆ ఊళ్లో 'వేట' అనే మాట, 'ఇల్లు' అనే మాట ఒకటే అయిపోయాయి. ఒకదాంట్లో ఉండే ౘ, ఇంకోదాంట్లో ఉండే స కలిసిపోయాయి. ఆ కలిసిన పలుకే అమెరికా మొత్తానికీ వెళ్లింది. ఎందుకు? అందరూ అండలూసియావాళ్లే వెళ్లారా? లేదు. పీటర్ బాయ్డ్-బౌమన్ అనే పరిశోధకుడు వేలమంది వలసదారుల సొంత ఊర్లు వెతికి జాబితా తయారుచేశారు. 1493 నుంచి 1519 దాకా వెళ్లినవాళ్లలో అండలూసియావాళ్లు దాదాపు 40 శాతం. సగం కూడా కాదు. కానీ అప్పుడు వెళ్లిన కొద్దిమంది ఆడవాళ్లలో? మూడింట రెండొంతులు అండలూసియావాళ్లే. అక్కడ పుట్టిన మొదటి తరం పిల్లలకు మాటలు నేర్పింది ఎవరు? ఓడ నడిపినవాళ్లా, కత్తి పట్టినవాళ్లా? ఈ లెక్క చూశాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ ఒక్క కారణమే అని అనను, కానీ చరిత్ర పుస్తకాల్లో పేరు లేని ఆ ఆడవాళ్లని మనం లెక్కలోకి తీసుకోవాల్సిందే.

మరి వలస వెళ్లినవాళ్ల మాట మనకు ఎలా తెలుస్తుంది? ఉత్తరాల వల్ల. మెక్సికో నుంచో లిమా నుంచో భర్త భార్యకి రాస్తాడు, వచ్చెయ్యి అని. అన్న తమ్ముడికి రాస్తాడు. ఇంటి ఉత్తరాలు ఎవరూ దాచరు కదా, ఇవి ఎలా మిగిలాయి? ప్రయాణానికి అనుమతి కావాలంటే, అక్కడ నన్ను పిలిచేవాళ్లు ఉన్నారని చూపించాలి. ఆ ఉత్తరాన్ని దరఖాస్తుకి జతచేశారు. గుమాస్తా ఫైల్లో పెట్టాడు. నాలుగు వందల ఏళ్లు ఫైల్లోనే ఉంది. సెవిల్‌లోని ఇండీస్ ఆర్కైవ్ నుంచి ఎన్రీకె ఓట్టె వాటిని బయటకు తీసి, 1540 నుంచి 1616 దాకా రాసిన వందల ఉత్తరాలని 1988లో అచ్చువేశారు. వాటిలో ౘ ఉండాల్సిన చోట స రాసినవి కనిపిస్తే, అక్కడ ఒక గొంతు వినిపిస్తున్నట్టే.

కానీ తొందరపడకూడదు. కలం పట్టుకున్నది ఎవరు? రాయడం రానివాళ్లు ఇంకొకరి చేత రాయించుకున్నారు. సంతకం ఒక చేతిది, ఉత్తరం ఇంకో చేతిది అయితే, ఆ తప్పు ఎవరి నోటిది? చెప్పేవాడిదా, రాసేవాడిదా? అందుకే అచ్చుపుస్తకం ఒక్కటే చాలదు, అసలు కాగితం చూడాలి, చేతిరాత పోల్చాలి. ఇవాళ్టి వర్గాలని, మధ్యతరగతి, కార్మికులు అని, తీసుకెళ్లి ఆనాటివాళ్లకు అతికించకూడదు కూడా. వాళ్ల హోదాల లెక్క వేరు.

ఆ హోదా గురించి ఒక్కటి చెప్పి ముగిస్తాను. నువ్వు, మీరు, తమరు. ఎవర్ని ఏమనాలో మనకు ఎంత పట్టింపో వేరే చెప్పాలా? 16వ శతాబ్దపు స్పెయిన్ కూడా అలాగే ఉండేది. 1554లో వచ్చిన 'లాసరీయో' అనే నవలలో చేతిలో చిల్లిగవ్వ లేని ఒక దొరబిడ్డ ఉంటాడు. "దేవుడు తమర్ని చల్లగా చూడాలి" అని ఒక పనివాడు పలకరిస్తే, ఆయనకు కోపం వస్తుంది. అది చిన్నవాళ్లని పలకరించే తీరట, తనకైతే "తమరి చేతులు ముద్దాడుతున్నా" అనాలట! 1586లో రాజుగారు ఎవర్ని ఏ బిరుదుతో పిలవాలో చట్టమే చేశారు. అంత గట్టి పట్టింపు ఉన్నా, 'తమరి దయ' అనే అర్థం ఉన్న 'వుయెస్త్రా మెర్సెద్' నోట్లో నలిగి నలిగి, ఇవాళ్టి 'ఉస్తెద్' అయింది. 17వ శతాబ్దపు నాటకాల్లో ఆ నలిగిన రూపాలు ముందు నౌకర్ల నోట వినిపిస్తాయి. ఇవాళ బ్యాంకులో, కోర్టులో, రాష్ట్రపతి ముందు వాడే గౌరవ పదం అది.

అది పైకి రాగానే, ఒకప్పుడు మర్యాదగా పిలవడానికి వాడిన 'వోస్' అనే పాత మాట విలువ తగ్గింది. స్పెయిన్‌లో పోయింది. రాజప్రతినిధి ఆస్థానాలున్న మెక్సికో నగరం, లిమా మాడ్రిడ్‌ని చూసి దాన్ని వదిలేశాయి. బ్యూనస్ ఐరెస్‌కి రాజప్రతినిధి పదవి 1776లో గానీ ఏర్పడలేదు. అక్కడ ఇవాళ్టికీ స్నేహితులు ఒకరినొకరు 'వోస్' అనుకుంటారు.

మా విద్యార్థులతో ఈ టర్మ్‌లో ఒక పని పెట్టుకున్నాం. స్పెయిన్ ప్రభుత్వ ఆర్కైవుల పాత కాగితాలు చాలావరకు పారెస్ అనే పోర్టల్‌లో ఉచితంగా చూడవచ్చు. వాటిలోంచి ఒక్క ఉత్తరం తీసుకుని, తోక సి ఎన్నిసార్లు వచ్చింది, జెడ్ ఎన్నిసార్లు, స ఎన్నిసార్లు, ఏది ఎక్కడ తారుమారైందో గీతలు పెట్టి లెక్కపెడతాం. సంతకం, ఉత్తరం ఒకే చేతిదా అన్నది ముందు తేల్చుకుంటాం. స్పానిష్ రాకపోయినా ఫరవాలేదు, అక్షరాలు గుర్తుపడితే చాలు. మీలో ఎవరికైనా ఆసక్తి ఉంటే వెళ్లేటప్పుడు నాకు చెప్పండి. మాష్టారూ, ఇప్పుడు మీ ప్రశ్న అడగండి.